అత్తగారు లేవలేదు

ఆ ఇంట్లో అత్తగార్లు ఇద్దరు. ఒకావిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంటుంది. రెండో ఆవిడ కుట్టుమిషను పక్కన బల్ల మీద ఉంటుంది. కుర్చీలో ఉన్నావిడ మనిషి, బల్ల మీద ఉన్నావిడ లాప్‌టాప్. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఇది తెలియకే ఆ కుటుంబం ఒక పూటంతా కాళ్ళు నేలకి ఆనకుండా పరుగులు పెట్టింది.

కోడలిని ఆ వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ముందుగదిలోనే దుకాణం. రెండు మిషన్లు, గుడ్డ పరిచి కోయడానికి తలుపంత బల్ల, గోడకి వేలాడే కాగితపు నమూనాలు. అందరికీ కుట్టే దర్జీలు ఆ చుట్టుపక్కల బోలెడుమంది. కత్తెరమ్మ మాత్రం రెడీమేడ్ బట్టలు పట్టని వాళ్ళకి కుడుతుంది. ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్ళు, చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, ఆపరేషను తర్వాత ఒక పక్క పల్చబడ్డవాళ్ళు ఆవిడ దగ్గరికి వస్తారు. లోపలికి వచ్చేటప్పుడు తల దించుకుని వస్తారు. కుట్టిన కోటు వేసుకుని అద్దంలో చూసుకున్నాక కొంతమంది ఎత్తిన తల దించకుండా వెళ్తారు. అది చూడ్డం కోసమే కత్తెరమ్మ ఆ పని చేస్తుందని నేనంటాను. ఆవిడ్ని అడిగితే ఒప్పుకోదు, పని పని అంటుంది.

ఈ విద్య నేర్పింది అత్తగారే. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కటింగు మేస్త్రీగా చేసింది. మగ మేస్త్రీలు కూడా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళట. ఫ్యాక్టరీ మూతపడిన రోజున, ఇవ్వాల్సింది ఇవ్వలేక, ఆవిడ వాడుకునే లాప్‌టాప్‌నే చేతిలో పెట్టి దండం పెట్టారు. అందులో బట్టల నమూనాలు గీసే ప్రోగ్రాం ఉంది. అలా 'అత్తగారి లాప్‌టాప్' ఇంటికొచ్చింది. రోజూ అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? వాడగా వాడగా అది ఉత్త 'అత్తగారు' అయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. ఇక్కడ దుత్తకే అత్త పేరు పెట్టేశారు.

ఎదురుగా ఉన్నావిడ 'అత్తయ్య', బల్ల మీద ఉన్నావిడ 'అత్తగారు'. కత్తెరమ్మ లెక్క ఇదీ. ఆవిడ ఎప్పుడూ తడబడలేదు. పైగా పేరు పెట్టాక గౌరవం తప్పుతుందా? "అత్తగారు ఇంకా లేవలేదు, కాసేపాగండి" అనేది వచ్చినవాళ్ళతో. "అత్తగారికి వేడి చేసింది, ఫ్యాను పెట్టాలి" అనేది భర్తతో. ఆయన బస్సు డ్రైవరు, వీధిలో అందరికీ బస్సాయన. తల్లిని ఇలా అంటున్నందుకు మొదట్లో మొహం ముడుచుకున్నాడు గానీ, ఒకరోజు ఆ లాప్‌టాప్ ఎంతకీ తెరుచుకోక, తెరుచుకున్నాక గుర్రుగుర్రుమని, చివరికి ఏమీ జరగనట్టు పనిచేయడం చూసి, "అచ్చం మా అమ్మే" అని నవ్వేశాడు.

అసలు అత్తయ్యకి మాత్రం ఈ సంగతి తెలియదు. చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఆవిడ నేర్పినవాటిలో రెండు మాటలు కత్తెరమ్మకి ఒంట్లో ఇంకిపోయాయి. ఒకటి, కుట్టు కోసం వదిలే అంచు ఎప్పుడూ అత్తయ్య బొటనవేలంత వెడల్పు ఉండాలి. స్కేలు తెచ్చి చూపించినా ఆవిడ ఒప్పుకునేది కాదు. "స్కేళ్ళు కొట్టుకి ఒక రకం. నా వేలు ఒకటే" అనేది. కత్తెరమ్మ బొటనవేలు సన్నం. అందుకని కొత్తలో తిన్న తిట్లకి అంతులేదు.

రెండోది టేపు గురించి. "వంకర ఒళ్ళున్న మనిషికి టేపు పెట్టడమంటే ఆ వంకరని వేలితో చూపించడమే. ఒక్కసారే పెట్టు. రెండోసారి పెట్టావంటే నీకు పని రానట్టే." అందుకే కత్తెరమ్మ కొత్తగా వచ్చినవాళ్ళకి కొలతలు తీసుకోబోయే ముందు మాటిస్తుంది: "ఇదొక్కసారే. మళ్ళీ జన్మలో మీకు టేపు పెట్టను." అన్న మాట మీద నిలబడుతూ వచ్చింది కూడా. ఒక్కసారి తీసిన కొలతలతో ఒక్కొక్కరి ఒంటికీ ఒక నమూనా గీసి అత్తగారిలో దాచేది. కొలతలు పుస్తకంలో రాసుకునేది కాదు, పని అయ్యాక కాగితాలు ఉంచేదీ కాదు. మనిషి కాస్త లావెక్కినా చిక్కినా, కంటితో చూసి ఆ నమూనాని ఇటో అటో జరిపేది.

అలాంటి అత్తగారు ఆ ఉదయం లేవలేదు.

కొన్నాళ్ళుగా నలతగానే ఉంది. మీట నొక్కితే దీపం వెలిగేది, ఫ్యాను తిరిగేది, తెర మాత్రం నల్లగా ఉండిపోయేది. ఆపి మళ్ళీ నొక్కితే, కాసేపు బోర్లా పడుకోబెట్టి మళ్ళీ నొక్కితే, ఎప్పటికో వచ్చేది. ఆ ఉదయం ఏం చేసినా రాలేదు. లైబ్రరీ అమ్మాయి కోటు ఇంకా కోయనే లేదు.

లైబ్రరీ అమ్మాయి వెన్ను ఒక పక్కకి తిరిగి ఉంటుంది. ఒక భుజం పైకి, ఒకటి కిందకి. మొదటిసారి వచ్చినప్పుడు టేపు ఒంటికి తగలగానే కళ్ళు మూసుకుంది. కొలతలు అయ్యేదాకా తెరవలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. "అయిపోయిందమ్మా, ఇంకెప్పుడూ లేదు" అని కత్తెరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇప్పుడా పిల్లకి లైబ్రరీ మొత్తం అప్పగిస్తున్నారు. వచ్చే వారం అందరి ముందూ నిలబడి మాట్లాడాలి. "కోటు కావాలక్కా. నా కొలతలు నీ దగ్గర ఉన్నాయిగా" అని ఫోన్లో ధీమాగా చెప్పింది. ఆ ధీమా ఇప్పుడు కత్తెరమ్మకి ముల్లులా గుచ్చుకుంటోంది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో డాక్టరు అంటారు. కత్తెరమ్మ ఫోను తీసి, ఒక చేత్తో లాప్‌టాప్‌ని తడుముతూ, గొంతు తగ్గించి, గుక్క తిప్పుకోకుండా మాట రికార్డు చేసి పంపింది:

"డాక్టరుగారూ, అత్తగారు ఇవాళ లేవలేదండీ. ఎంత కదిపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. నిన్న కూడా లేచినట్టే లేచి మళ్ళీ పడిపోయారు. ఇంక బాగుచేయించడమా, వదిలేసి కొత్తావిడని తెచ్చుకోవడమా, మీరే చూసి చెప్పండి. వదిలేయమంటే మీకే ఇచ్చేస్తాను, లోపలివి ఏమైనా పనికొస్తే తీసుకుందురుగాని. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. చెప్తే బయట పారేయమంటారు."

పంపేసి, ఇంటి వెనక ఆరేసిన గుడ్డలు తీయడానికి వెళ్ళింది. ఆ మాట డాక్టరుకి వెళ్ళలేదు. డాక్టరు పేరుకి సరిగ్గా పైన ఉన్న కుటుంబం గ్రూపులోకి వెళ్ళింది.

ఆ గ్రూపులో బస్సాయన ఉన్నాడు. ఆయన అక్క ఉంది. దగ్గరా దూరమూ చుట్టాలందరూ ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కిటికీ పక్కన కుర్చీలో అత్తయ్య ఉంది.

అత్తయ్యకి తుంటి ఎముక విరిగి ఆపరేషను అయింది. ఎముక చక్కగా అతుక్కుంది. "ఇంక లేచి నడవండి, నడిస్తేనే నడక" అని ఆస్పత్రి డాక్టరు చెప్పి పంపాడు. ఆవిడ లేస్తేగా! మంచం మీంచి కుర్చీలోకి ఒకరు చేర్చాలి, కుర్చీలోంచి మంచం మీదికి ఒకరు చేర్చాలి. వాకరు తెచ్చి పక్కన పెడితే దాని మీద తువ్వాలు ఆరేసుకుంది. కోడలు బతిమాలింది, కొడుకు కోప్పడ్డాడు, కూతురు ఏడ్చింది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "నా పని అయిపోయిందే" అనేది, అంతే. భయమని మాత్రం ఎవరితోనూ అనలేదు. ఫ్యాక్టరీ మొత్తాన్ని వణికించిన మనిషి, మళ్ళీ పడతానని భయం అంటే బాగుంటుందా?

ఆవిడ ఒళ్ళో ఫోను టింగుమంది. నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. కోడలి గొంతు. తను లేవలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు కాలిపోతోంది. అత్తయ్య మెల్లిగా తన నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంది. చల్లగానే ఉంది. మళ్ళీ మొదటినించీ విన్నది. 'కొత్తావిడ' దగ్గర ఆగింది. 'లోపలివి ఏమైనా పనికొస్తే' దగ్గర ఇంకోసారి ఆగింది. ఆ తర్వాత తల తిప్పి, ముందుగదిలో బల్ల మీద నల్లగా తెరుచుకుని ఉన్న లాప్‌టాప్‌ని చూసింది. అలా చాలాసేపు చూసింది.

తెలివైన మనిషి. అర్థమైంది. అయినా కిక్కురుమనలేదు. ఫోను ఒళ్ళో బోర్లించి, రాబోయే తమాషా కోసం చేతులు కట్టుకుని కూర్చుంది.

తమాషా ఆలస్యం చేయలేదు. ముందు ఆటో ఆగిన చప్పుడు, తర్వాత వీధంతా వినబడేలా "అమ్మా!" అని కేక. బస్సాయన అక్క, చెప్పులు రెండూ రెండు రకాలవి వేసుకుని, జుట్టు విరబోసుకుని లోపలికి దూసుకొచ్చింది. ఇంటి వెనకనుంచి గుడ్డల మోపుతో వస్తున్న కత్తెరమ్మ ఎదురుపడింది.

"ఏం మనిషివే నువ్వు! మా అమ్మ అంత ప్రాణం మీదికొస్తే గుడ్డలు మడతపెట్టుకుంటున్నావా? అవయవదానం చేసేస్తావా? అడిగే దిక్కు లేదనుకున్నావా మాకు?"

కత్తెరమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "అవయవదానమేంటి వదినా? ఎవరికేమైంది?"

"నా ఎదురుగానే బుకాయిస్తావా? కొత్తావిడని తెచ్చుకుంటావా? కొత్తావిడని! అత్తలు బజార్లో దొరుకుతారా?"

కిటికీ పక్కనుంచి గొంతు వినిపించింది. "దొరికితే నేనెప్పుడో మీ నాయనమ్మని మార్చేసేదాన్ని."

అక్క అక్కడే కూలబడింది. "అమ్మా! నువ్వు లేవలేదంటగా!"

"లేవలేదు. రోజూ లేవట్లేదుగా. కొత్తగా అడుగుతావేం?"

అప్పటికి కత్తెరమ్మ ఫోను చూసుకుంది. గ్రూపునిండా ఏడుపు బొమ్మలు, దండం పెట్టే చేతులు. దూరపు చుట్టం ఒకాయన అప్పుడే "మంచి మనిషి" అని కూడా రాసేశాడు. కత్తెరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో బస్సాయన ఫోను. బస్సుని ఎక్కడో పక్కకి ఆపి, ప్రయాణికులందరినీ కూర్చోబెట్టి అడిగాడు: "ఏ అత్తగారే? చెప్పు, ఏ అత్తగారు?"

"బల్ల మీద ఆవిడండీ" అంది కత్తెరమ్మ చచ్చిన గొంతుతో.

అవతల పెద్ద నిట్టూర్పు, ఆ వెనకే బస్సు బయల్దేరిన శబ్దం.

దాచడానికి ఇంకేం మిగిలిందని? కత్తెరమ్మ అత్తయ్య కుర్చీ దగ్గర నేల మీద కూర్చుని అంతా చెప్పింది. పేరు ఎలా వచ్చిందో, ఎలా ఉండిపోయిందో. అక్క మొదట కోపంగా విన్నది, తర్వాత కొంగుతో నోరు మూసుకుంది, చివరికి వెక్కి వెక్కి నవ్వింది. అత్తయ్య నవ్వలేదు.

"పేరు పెట్టావు, సరే. నేను మా మేనేజరుకి పెట్టిన పేరు నీకు చెప్తే నువ్వు తలెత్తుకోలేవు" అంది. "వదిలేయడమా, బాగుచేయించడమా అని ఎవరెవర్నో అడిగావు. అది నాది. నేనింకా ఇక్కడే కూర్చుని ఉన్నాను. నన్ను అడగాలని నీకు తోచలేదు. అదీ నాకు కష్టంగా ఉంది."

కత్తెరమ్మ తల దించుకుంది. ఆ మాట నిజం. అత్తయ్య పని అయిపోయిందని అత్తయ్య అంటూనే ఉంది. వద్దు వద్దంటూనే కత్తెరమ్మ కూడా ఎప్పుడో దాన్ని నమ్మేసింది. అది తెలిసి ఆవిడకి తన మీద తనకే సిగ్గేసింది.

"ఇప్పుడడుగుతున్నాను అత్తయ్యా. ఏం చేద్దాం?"

"ముందు ఆ డాక్టర్ని పిలు. అసలు డాక్టర్ని."

డాక్టరు వచ్చి, బల్ల మీద పాత తువ్వాలు పరిచి, లాప్‌టాప్‌ని విప్పాడు. చాలాసేపు చూశాడు. ఇంతలో మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బస్సాయన కూడా గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలి డిస్కు నిక్షేపంగా ఉంది. ఇందులోవన్నీ తీసి కొత్తదాంట్లో పెట్టేస్తాను. దానికేం భయం లేదు" అన్నాడు డాక్టరు. "కానీ మీ ప్రోగ్రాం కొత్తదాంట్లో తెరుచుకోదు. అది ఈ మిషనుకి మాత్రమే కట్టిపడేసిన సరుకు. తయారుచేసిన కంపెనీ ఇప్పుడు లేదు, ఫోను ఎత్తే దిక్కు లేదు. నమూనాలన్నీ ఉంటాయి, తెరవడం మాత్రం కుదరదు."

"తాళం ఉన్న పెట్టె ఇచ్చి తాళంచెవి పారేసినట్టు" అంది అత్తయ్య.

"అంతే అమ్మా. ఇక ఇది బాగవుతుందా అంటే, బోర్డు మీద ఈ చిప్పు కింద అతుకులు వదిలేస్తున్నాయి. వేడి పెడితే పట్టుకుంటాయి. పట్టుకుంటే ఎంతసేపో చెప్పలేను. ఒక పూటా, ఒక నెలా, నాకు తెలియదు. వేడి కాస్త ఎక్కువైందంటే మాత్రం మళ్ళీ లేవదు. మాట ఇవ్వలేను."

బస్సాయన ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అందుకున్నాడు. "విన్నావుగా. పాత సామాను మీద ఎందుకంత పట్టు? కొత్తది కొందాం. కొత్త ప్రోగ్రాం నేర్చుకో. ఒక్కొక్కరినీ మళ్ళీ పిలిచి కొలతలు తీసుకో. కొంపలేం మునిగిపోతాయి?"

"మా వాడి లాప్‌టాప్ ఉంది, వాడట్లేదు. తెచ్చి ఇస్తాను" అంది అక్క. పొద్దున్న తిట్టినదానికి పరిహారం చెల్లించాలని ఆవిడ తహతహ.

ఇద్దరూ మంచికే అన్నారు. కత్తెరమ్మకి తెలుసు. అయినా ఆవిడ తల అడ్డంగానే ఊపింది.

"మళ్ళీ పిలవను" అంది. "ఒక్కసారే అని మాటిచ్చాను. ఆ లైబ్రరీ పిల్ల కళ్ళు మూసుకుని నిలబడడం మీరు చూడలేదు. ఇంకోసారి టేపు పట్టుకుని ఆ పిల్ల ఎదుట నిలబడనంటే నిలబడను."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!" అన్నాడు బస్సాయన.

"మూడే. ఆ కుందేలుకే ఇప్పుడు కోటు కుట్టాలి."

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. కత్తెరమ్మ అత్తయ్య వైపు తిరిగింది. అత్తయ్య కళ్ళు లాప్‌టాప్ మీద ఉన్నాయి. విప్పేసిన దాని పొట్టలో దుమ్ముతోపాటు దారప్పోగులు కూడా ఉన్నాయి. ఫ్యాక్టరీ నాటివి కొన్ని, ఈ ఇంటివి కొన్ని.

"దాన్ని బతికించమని అడగొద్దు" అంది అత్తయ్య నెమ్మదిగా. "అది చెయ్యాల్సినంత చేసింది. ఒక్కసారి లేపమని అడుగు. లేచి, దాని దగ్గరున్నవన్నీ ఇచ్చేసి, ఆ తర్వాత దాని ఇష్టం. లేవకపోతే లేవకపోయింది, మనం ప్రయత్నం చేశాం. భయపడి మూల పెట్టుకుంటే మాత్రం అది ఎటూ కాదు."

అంటున్నప్పుడు ఆవిడ తన గురించి అనుకోలేదు. గదిలో మిగిలినవాళ్ళంతా మాత్రం అదే అనుకున్నారు.

"వేడి పెట్టండి డాక్టరుగారూ" అంది కత్తెరమ్మ.

డాక్టరు దాన్ని దుకాణానికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చాడు. లేచింది! తెర వెలుగుతోంది, నమూనాలన్నీ వరసగా కనిపిస్తున్నాయి. "మూయకండి. ఆపకండి. కదపకండి" అని చెప్పి, ఏం చేస్తారో చూడాలని ఉన్నా, గిరాకీ ఉండి వెళ్ళిపోయాడు.

ఆ ప్రోగ్రాంకి తెలిసిందల్లా ఒకటే, గీసినదాన్ని ప్రింటరుకి పంపడం. మామూలుగా అయితే కత్తెరమ్మ లాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని, పెద్ద కాగితాల మీద ప్రింటు తీసే కొట్టుకి వెళ్తుంది. ఇప్పుడు కదపకూడదు. అందుకని అక్క తన ఇంట్లో ప్రింటరుని చంకనేసుకుని వచ్చింది. చిన్న కాగితాలు, ఒక్కో నమూనాకి దొంతరలు దొంతరలు. వచ్చినవి వచ్చినట్టు అక్క వరసగా పేర్చి అతికిస్తోంది. నిన్న అవయవాలు పంచేసిందని తిట్టిన మనిషే, ఇవాళ "ఇది ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?" అంటూ నేలనిండా చేతులూ భుజాలూ పరుచుకుని కూర్చుంది.

కత్తెరమ్మ ముందు లైబ్రరీ అమ్మాయి నమూనా పంపింది. ఆ తర్వాత ఒక్కొక్కరివీ. మనసంతా లాప్‌టాప్ ఫ్యాను చప్పుడు మీదే ఉంది. ఊపిరి పీల్చుకుందామన్నా తీరిక లేదు.

"అమ్మాయ్" అంది కుర్చీలోంచి అత్తయ్య.

"ఆఁ అత్తయ్యా, ఒక్క నిమిషం."

"ఆ కాగితం ఇలా పట్రా."

"ఇదొక్కటీ పంపేసి వస్తాను."

"పంపకు. అంచు సన్నంగా ఉంది."

కత్తెరమ్మ తలెత్తకుండానే జవాబిచ్చింది. "అత్తయ్యా, అక్కణ్ణించి మీకేం కనిపిస్తుంది? నేను గీసినవే, మీ బొటనవేలంతే వదిలాను."

"సన్నంగా ఉందంటుంటే!"

"అమ్మా, కాస్త ఊరుకో" అంది అక్క. "అది తొందరలో ఉంది."

ఆ 'ఊరుకో' అన్న మాట పనిచేసింది. బతిమాలడం చేయనిది, కోప్పడడం చేయనిది, ఏడుపు చేయనిది, ఆ ఒక్క మాట చేసింది. బట్టల ఫ్యాక్టరీలో కటింగు మేస్త్రీని పట్టుకుని అంచు గురించి ఊరుకోమంటే ఎవరైనా ఊరుకుంటారా?

కుర్చీ కిర్రుమంది. కత్తెరమ్మ పట్టించుకోలేదు. అడుగు చప్పుడు వినపడింది. అక్క వచ్చి పోతోందేమో అనుకుంది. అక్క మాత్రం నేల మీదే, చేతిలో జిగురు టేపుతో, నోరు తెరిచి ఉండిపోయింది. ఎముకలు తేలిన ఒక చెయ్యి కత్తెరమ్మ భుజం మీదుగా వచ్చి, అతికించి బల్ల మీద పెట్టిన లైబ్రరీ అమ్మాయి కోటు నమూనా అంచు మీద బొటనవేలు ఆనించింది.

వేలు అంచుని దాటి బయటికి వచ్చింది. కొంచెమే. కానీ వచ్చింది.

"చూశావా? ఈ కాగితం కుదించుకుపోయింది. దీంతో కోస్తే ఆ పిల్ల చెయ్యి ఎత్తినప్పుడల్లా చంకలో పట్టేస్తుంది. అందరి ముందూ చెయ్యి ఎత్తలేక నిలబడుతుంది."

కత్తెరమ్మ చూసింది. నిజమే. అక్క ప్రింటరు, పంపిన ప్రతిదాన్నీ కాగితంలో పట్టేలా కొద్దిగా చిన్నది చేస్తోంది. ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన అమరిక. తీసినవన్నీ తప్పే. ఇలాగే వదిలేసి ఉంటే, ఒక్కసారే అని మాటిచ్చిన వాళ్ళందరికీ పట్టని బట్టలు కుట్టి ఉండేది.

అప్పుడు తిరిగి చూసింది. అత్తయ్య బల్ల పక్కన నిలబడి ఉంది. వాకరు కుర్చీ పక్కనే, తువ్వాలుతో సహా, ఎక్కడిదక్కడే ఉంది.

"అత్తయ్యా..."

"నోరు తెరుచుకుని చూస్తావేం? సరిచేసి మళ్ళీ పంపు. అది ఎంతసేపుంటుందో ఎవరికి తెలుసు?"

కత్తెరమ్మకి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. చెంపలు మోచేత్తో తుడుచుకుని, అమరిక మార్చి, లైబ్రరీ అమ్మాయి నమూనా మళ్ళీ మొదటినుంచీ పంపింది. అక్క గబగబా కుర్చీ తెచ్చి తల్లి వెనక వేసింది. ఆవిడ కూర్చోలేదు. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, వచ్చిన ప్రతి కాగితం మీదా బొటనవేలు పెట్టి చూసి, "ఊఁ" అని పక్కకి తోసింది. కాళ్ళు వణికినప్పుడు కూర్చుంది, మళ్ళీ లేచింది. ఎవరూ చెయ్యి అందించలేదు. అందించబోతే ఆవిడ చూసిన చూపుకి అక్క చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

ఎండ వాలేసరికి గోడలనిండా కాగితాలు వేలాడుతున్నాయి. ఆఖరివి కొన్ని మిగిలి ఉండగా, బల్ల మీద ఫ్యాను ఒక్కసారి గట్టిగా తిరిగి, ఆగింది. తెర నల్లబడింది. కత్తెరమ్మ చెయ్యి మీట వైపు వెళ్ళి, మధ్యలోనే ఆగిపోయింది. మిగిలిపోయినవాళ్ళు ఎవరో ఆవిడకి తెలుసు. వాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి, మాట తప్పాల్సి వచ్చిందని చెప్పి, తలుపులు మూసి, మెల్లిగా మళ్ళీ కొలుస్తుంది. అది తప్పదు. లైబ్రరీ అమ్మాయి మాత్రం కళ్ళు మూసుకోనక్కర్లేదు. ఆ పిల్ల నమూనా బల్ల మీద పరిచి ఉంది. అత్తయ్య అప్పుడే దాని మీద కత్తెర ఆనించింది.

"మళ్ళీ వేడి పెట్టిద్దామా అత్తయ్యా? డాక్టరుని పిలవనా?"

అత్తయ్య లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి, నెమ్మదిగా మూసింది.

"వద్దు. గ్రూపులో పెట్టు" అంది. "నిన్నటినుంచీ అందరూ కంగారు పడుతున్నారు. అత్తగారు లేచారని పెట్టు."

కత్తెరమ్మ పెట్టింది. అర నిమిషం గడవకుండానే బస్సాయన నుంచి జవాబు వచ్చింది: "ఏ అత్తగారు?"

కత్తెరమ్మ చదివి వినిపించింది. అత్తయ్య కత్తెర కింద పెట్టలేదు, తల కూడా ఎత్తలేదు.

"నేనే అని చెప్పు. ఆవిడ పడుకుంది, లేపొద్దని చెప్పు."